యుద్ధ వార్తను కొలిచి చదవడం: రెండు వారాలు, మూడు భాషల పేపర్లు

ముందు ఈ మూడు శీర్షికలు చూడండి. సాధన కోసం రాసినవి, ఏ పేపర్లోనూ వచ్చినవి కావు.

సైన్యం దాడిలో 40 మంది పౌరుల హతం.
ఘర్షణల్లో చిక్కుకుని 40 మంది మృతి.
జనాన్ని అడ్డుపెట్టుకున్న పులులు: 40 మంది బలి.

మూడింటిలోనూ సంఖ్య ఒకటే. అబద్ధం ఎక్కడా లేదనుకుందాం. మొదటి దాంట్లో చంపినవాడు కనిపిస్తున్నాడు. రెండో దాంట్లో చంపినవాడే లేడు, చావు వానలాగా దానంతటదే కురిసింది. మూడో దాంట్లో నేరం అవతలి పక్షానికి, అంటే పులులని పిలిచే ఎల్టీటీఈకి, శ్రీలంక సైన్యంతో పోరాడిన తమిళ సాయుధ సంస్థకు మారిపోయింది. వార్తకు చట్రం బిగించడం అంటే ఇదే. ఇంగ్లీషులో ఫ్రేమింగ్ అంటారు, తెలుగు డెస్కుల్లోనూ ఆ మాటే వాడతారు. దీన్ని పట్టుకోవడానికి ‘ఆ పేపర్ వాళ్లదే, ఈ ఛానల్ వీళ్లదే’ అనే పాత తీర్పు సరిపోదు. కొలవాలి. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు గానీ, పేపర్‌కి చాలదు.

చెన్నైలో ఉండే తెలుగువాళ్లు ఇద్దరు, వారాంతాల్లో కూర్చుంటే నెలా నెలన్నరలో పూర్తి చేయగలిగిన పద్ధతి ఇది. ఉదాహరణగా తీసుకున్నది 2009లో శ్రీలంక యుద్ధం ముగిసిన తీరు, అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స ప్రతిమ, అంటే పేపర్లు జనం ముందు నిలిపిన ఆయన రూపం. నడుస్తున్న యుద్ధంతో మొదలుపెట్టకండి. రోజుకో కొత్త వార్త వచ్చి మీ లెక్క తారుమారవుతుంది, మీ ఆవేశం కూడా అడ్డొస్తుంది. ముగిసిన యుద్ధమైతే తర్వాత వచ్చిన నివేదికలతో పోల్చి చూడొచ్చు. పైగా ఈ యుద్ధాన్ని తమిళ, తెలుగు, ఇంగ్లీషు పేపర్లు ఒకే ఊళ్లో మూడు రకాలుగా చెప్పాయి. అలాంటి సరుకు మనకు వేరే దొరకదు.

ఇద్దరు కావాలన్నది ఊరికే అనలేదు. చెన్నైలో తరాలుగా ఉన్న తెలుగు ఇళ్లలో పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఉద్యోగానికి ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవాళ్లు తెలుగు పేపర్ నీళ్లు తాగినట్టు చదువుతారు, తమిళ అక్షరం రాదు. ఈ ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే పని నడుస్తుంది.

మొదటి అడుగు: తేదీలు బిగించడం

‘శ్రీలంక యుద్ధంపై మీడియా తీరు’ అని మొదలుపెడితే ఎటూ తేలదు. రెండు వారాలు చాలు, ఆ రెండూ వేర్వేరు స్వభావం ఉన్నవి కావాలి.

ఒకటి, 2009 ఏప్రిల్ 28 నుంచి మే 4 వరకు వచ్చిన సంచికలు. ఏప్రిల్ 27 ఉదయం ముఖ్యమంత్రి కరుణానిధి మెరీనాలో అన్నా సమాధి దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్నారు. భారీ ఆయుధాలు వాడబోమని శ్రీలంక ప్రకటించిందంటూ మధ్యాహ్నానికి విరమించారు. తమిళనాడులో లోక్‌సభ పోలింగ్ మే 13న. కాబట్టి ఆ వారం యుద్ధ వార్త, ఎన్నికల వార్త, ఒక నాయకుడి ప్రతిమ ఒకే ముద్దలో ఉంటాయి. దీక్ష యుద్ధాన్ని ఆపిందా, పూట దీక్ష నాటకమా అన్నది అప్పుడే రెండు చట్రాలుగా చీలిపోయింది.

రెండు, మే 17 నుంచి 23 వరకు. మే 17న రాజపక్స జోర్డాన్ నుంచి తిరిగొచ్చారు. 18న పులుల నాయకుడు ప్రభాకరన్ చనిపోయాడని సైన్యం ప్రకటించింది. 19న మృతదేహాన్ని చూపించింది. అదే రోజు రాజపక్స పార్లమెంటులో విజయ ప్రకటన చేస్తూ కొంత భాగం తమిళంలో మాట్లాడారు.

ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. మే 16న మన దేశంలో లోక్‌సభ ఓట్ల లెక్కింపు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఫలితాలు కూడా ఆరోజే వచ్చాయి, వైఎస్ రాజశేఖరరెడ్డి రెండోసారి గెలిచారు, 20న ప్రమాణం చేశారు. ఆ వారం తెలుగు పేపర్ మొదటి పేజీలో యుద్ధానికి చోటు చిక్కడమే కష్టం. తమిళ పేపర్‌తో పోల్చి ‘తెలుగు మీడియా పట్టించుకోలేదు’ అని రాసేస్తే అది తప్పుడు తీర్పు. ఎన్నికల పేజీలు తీసేసి మిగిలిన చోటులో యుద్ధానికి ఎంత ఇచ్చారో చూడాలి. ఏ వారం తీసుకున్నా ఆ వారం ఇంకేం జరిగిందో ఒక కాగితం మీద ముందే రాసి పెట్టుకోండి.

రెండో అడుగు: పేపర్లు పోగేయడం

మూడు పేపర్లు, 14 రోజులు: 42 సంచికలు. ఒక్కో సంచికలో యుద్ధానికి సంబంధించినవి సగటున మూడు అనుకుంటే 120 చిల్లర అంశాలు తేలతాయి. ఒక్కోదానికి 15 నుంచి 20 నిమిషాలు వేసుకోండి. అంటే 30 నుంచి 40 గంటల పని. ఐదు పేపర్లు తీసుకోవాలని ఆశ పుడుతుంది. వద్దు.

ఎగ్మూరులో పాంథియన్ రోడ్డు మీద మ్యూజియం ఆవరణలో ఉన్న కన్నెమరా గ్రంథాలయం 1896 నుంచి ఉంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాలు, పత్రికలు అందాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి. అందాల్సినవన్నీ అంది ఉంటాయని, అందినవన్నీ బైండింగ్‌లో చెక్కుచెదరకుండా ఉంటాయని అనుకోకండి. వెళ్లే ముందే పేపర్ పేరు, నెల, సంవత్సరం చెప్పి కనుక్కోండి. ఫొటో తీసుకోవడానికి అనుమతి ఎలాగో కూడా అప్పుడే అడగండి.

ఫొటో తీసేటప్పుడు ముందు పేజీ మొత్తం, తర్వాత వార్త. వార్త ఒక్కటే తీసుకుంటే అది పేజీలో ఎక్కడుందో, పక్కన ఏముందో పోతుంది. పక్కన ఉన్నది కూడా చట్రంలో భాగమే: శరణార్థి శిబిరం వార్త పక్కన క్రికెట్ ఫొటో ఉండటానికీ, రాజీవ్ గాంధీ వర్ధంతి ప్రకటన ఉండటానికీ తేడా ఉంది. మే 21 మన రెండో వారంలోనే పడుతుంది, మరిచిపోవద్దు. మొదటి పేజీ వార్త లోపలికి ‘మిగతా 2లో’ అంటూ పోతే ఆ ముక్క కూడా తీయండి. సంపాదకీయం, కార్టూన్, ఫొటో కింద రైటప్, బాక్సు అంశాలు అన్నీ కావాలి.

వెబ్‌సైట్ వార్తలతో చేస్తుంటే ఇంకో చిక్కు. శీర్షిక పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి ఉంటుంది. తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి, దానిమీద తేదీ, సమయం వేసి, పాత వెబ్ పేజీలను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో ఒక ప్రతి దాచండి. ఈ-పేపర్‌లో అయితే ఏ ఎడిషన్ అన్నది రాయాలి. చెన్నై ఎడిషన్ మొదటి పేజీ, హైదరాబాద్ ఎడిషన్ మొదటి పేజీ ఒకటి కాకపోవచ్చు.

వెతుకులాటలో తెలుగు పెట్టే తిప్పలు వేరు. పాత పీడీఎఫ్‌లు చాలావరకు యూనికోడ్ కాని అనూ ఫాంట్ల కాలం నాటివి. కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, వెతుకు పెట్టె పనిచేయదు. యూనికోడ్‌లో ఉన్నా జాగ్రత్త. ‘మృతి’ అని వెతికితే ‘స్మృతి’ కూడా వస్తుంది. ‘పులి’ అని వెతికితే పులివెందుల, పులిచింతల, పులిహోర వరుసకట్టి వస్తాయి. 2009 మేలో తెలుగు పేపర్లలో పులివెందుల ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు. ‘పులులు’, ‘ఎల్టీటీఈ’, ‘టైగర్లు’ అని విడివిడిగా వెతికి, ప్రతిదీ కంటితో చూసి ఖాయం చేసుకోవాలి.

మూడో అడుగు: పట్టిక

ఒక స్ప్రెడ్‌షీట్. వరుసకు ఒక అంశం. నిలువు గడులు ఇవి: క్రమసంఖ్య, పేపర్, తేదీ, పేజీ, చోటు, శీర్షిక ఉన్నదున్నట్టు, డేట్‌లైన్ (వార్త మొదట్లో వేసే ఊరి పేరు), బైలైన్ (రాసినవారి పేరు) లేదా వార్తా ఏజెన్సీ, సమస్య, కారణం, తీర్పు, మందు (పరిష్కారం), క్రియలు, ఎవరి నోట, ఫొటో, అనుమానాలు. చివరి గడి చిన్నచూపు చూడొద్దు. పని అయ్యాక మిమ్మల్ని కాపాడేది అదే.

చోటును కాలమ్ సెంటీమీటర్లలో కొలుస్తారు. నాలుగు కాలమ్‌ల వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే 100. పేపర్‌ను బట్టి కాలమ్ వెడల్పు మారుతుంది కాబట్టి పేజీలో ఎంత శాతం అన్నది కూడా వేయండి. ఎనిమిది కాలమ్‌లు, 50 సెంటీమీటర్ల ఎత్తున్న పేజీ 400, అందులో 100 అంటే పావు. ఫొటోని వార్తతో కలపకుండా వేరే కొలవాలి.

డేట్‌లైన్ గడిని శ్రద్ధగా నింపండి. యుద్ధం ముల్లైత్తీవు తీరంలో ముల్లివాయిక్కాల్ దగ్గర జరుగుతోంది, వార్త ‘కొలంబో’ అని మొదలవుతోంది. అంటే రాసినవాళ్లు చూడలేదు, విన్నారు. ఆ నెలల్లో స్వతంత్ర విలేకరులను యుద్ధభూమిలోకి శ్రీలంక ప్రభుత్వం రానివ్వలేదు. కాబట్టి ప్రతి చావు లెక్కా సైన్యం నుంచో, పులుల అనుకూల వెబ్‌సైట్ల నుంచో, ఐక్యరాజ్యసమితి, రెడ్‌క్రాస్‌ల నుంచో వచ్చి ఉండాలి. ఏ లెక్క ఎవరిదో వార్తలో చెప్పారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

నాలుగో అడుగు: నాలుగు ప్రశ్నలు

రాబర్ట్ ఎంట్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1993లో ఫ్రేమ్ చేసే పనిని నాలుగుగా విడదీశాడు: సమస్య ఏమిటని చెబుతున్నారు, కారణం ఎవరంటున్నారు, నైతికంగా ఎటు మొగ్గారు, మందు ఏమంటున్నారు. ప్రతి అంశానికీ ఈ నాలుగు గడులు నింపాలి. అన్నీ నిండక్కర్లేదు. ఖాళీ గడి కూడా సమాచారమే. కారణం గడి 60 శాతం అంశాల్లో ఖాళీగా ఉంటే, ఆ పేపర్ యుద్ధాన్ని తుపానులా చూపించిందని అర్థం.

2009 వార్తలకు ఇవి ఎలా పడతాయో చూడండి. ‘ఉగ్రవాదం’ సమస్య అయితే కారణం పులులు, మందు సైనిక విజయం. శ్రీలంక ప్రభుత్వం ఆ యుద్ధానికి పెట్టిన పేరే ‘మానవతా చర్య’. పులుల చేతిలో బందీలైన జనాన్ని విడిపించడం అని. పేరు ఒప్పుకుంటే నాలుగు గడులూ వాటంతటవే నిండిపోతాయి. తమిళంలో ‘ఇనప్పడుకొలై’ అంటే జాతి హననం. ఆ మాట శీర్షికకు ఎక్కితే సమస్య సింహళ రాజ్యం, మందు ఢిల్లీ జోక్యం. మధ్యలో ‘మానవ సంక్షోభం’ అనే మూడో చట్రం ఉంది. అందులో బాధితులు కనిపిస్తారు, బాధించినవాళ్లు కనిపించరు. మందు అన్నం పొట్లాలు, గుడారాలు. తెలుగు పేపర్లలో దీన్ని ప్రత్యేకంగా వెతకండి.

సైనిక చర్యకు పెట్టే పేరు మీద ఎప్పుడూ ఒక కన్నేయాలి. రష్యా 2022 ఫిబ్రవరి 24న మొదలుపెట్టినదాన్ని ‘ప్రత్యేక సైనిక చర్య’ అనమంది. ఆ తర్వాత మార్చిలో తెచ్చిన చట్టంతో, సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ ఇస్తే 15 ఏళ్ల దాకా జైలు. మన 2025 మే 7 నాటి ‘ఆపరేషన్ సిందూర్’ పేరులోనే పెహల్గాంలో భర్తలను పోగొట్టుకున్న భార్యల బొట్టు ఉంది. కారణం, తీర్పు రెండూ పేరులోనే చెప్పేశారు. పేరు పెట్టినవాళ్లను తప్పుపట్టడం మన పని కాదు. పేపర్ ఆ పేరును కొటేషన్ గుర్తుల్లో పెట్టిందా, తన మాటగా వాడేసిందా అని నమోదు చేయడం మన పని.

ఇదే ఎంట్‌మన్ 1991లో చేసిన పోలిక ఒకటి పాఠంలా పనికొస్తుంది. 1983 సెప్టెంబర్ 1న సోవియట్ యుద్ధవిమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చింది, 269 మంది చనిపోయారు. 1988 జూలై 3న అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది, 290 మంది. మొదటిదానికి న్యూస్‌వీక్ ముఖచిత్రం మీద ‘గాల్లో హత్య’ అన్న అర్థంలో శీర్షిక. రెండోదానికి ‘ఎందుకిలా జరిగింది’ అన్న అర్థంలో. మొదటిది నేరం, రెండోది సాంకేతిక లోపం అయిపోయింది. మీ పనిలోనూ ఇలాంటి జంట దొరుకుతుందేమో చూడండి. రెండు పక్షాల చేతిలో ఒకేలాంటి నష్టం జరిగిన రెండు సంఘటనలు దొరికితే, మీ చేతిలో త్రాసు ఉన్నట్టే.

ఐదో అడుగు: క్రియ, ప్రత్యయం

తెలుగులో చట్రం ఎక్కువగా దాక్కునేది ఇక్కడే. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల పద్ధతిని తెచ్చి అతికిస్తే ఇది దొరకదు.

చావుకు మనకున్న మాటలు చూడండి: మృతి, దుర్మరణం, హతం, బలి, హత్య, ఊచకోత, మారణహోమం, వీరమరణం, అమరుడు, నేలకొరిగాడు, మట్టుబెట్టారు, ఏరివేత. ‘మృతి’కి కర్త అక్కర్లేదు. ‘హతం’ అంటే చంపారు, కానీ చచ్చినవాడు శత్రువన్న వాసన కొడుతుంది. ‘బలి’ అంటే చచ్చినవాడు అమాయకుడు. ‘ఏరివేత’ అంటే మనుషులు కలుపు మొక్కలైపోయారు. ఈ మాటలన్నీ ఒక జాబితాగా రాసుకుని, ప్రతిదీ సైనికుడికి ఎన్నిసార్లు, పులికి ఎన్నిసార్లు, పౌరుడికి ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టండి. 120 అంశాలకు ఇదొక్కటే రెండు సాయంత్రాల పని. మొత్తం పనిలో అన్నిటికన్నా ఫలితమిచ్చేదీ ఇదే.

తర్వాత ‘డు’, ‘రు’. ఒక నాయకుడు ‘చెప్పారు’, ఇంకొకడు ‘చెప్పాడు’. ఇంగ్లీషుకు లేని తూనికరాయి ఇది. రాజపక్సకు ఏది పడింది, ప్రభాకరన్‌కు ఏది పడింది, సైన్యాధిపతి శరత్ ఫోన్సెకాకు ఏది పడింది? తమిళంలో కూడా అదే పరీక్ష: ‘కొల్లప్పట్టార్’ (చంపబడ్డారు) అన్నారా, ‘కొల్లప్పట్టాన్’ (చంపబడ్డాడు) అన్నారా. ఇక్కడ తెలుగు డెస్కులకు ఒక తప్పించుకునే దారి ఉంది. శీర్షికలో ‘ప్రభాకరన్ హతం’ అని నామవాచకంతో ముగిస్తే గౌరవం సంగతి తేలదు. కాబట్టి శీర్షిక చూసి గడి నింపకండి, వార్త లోపలి మొదటి మూడు పేరాలు చదవండి. ఒకే వార్తలో ఒక పేరాలో ‘రు’, ఇంకో పేరాలో ‘డు’ ఉంటే వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన రెండు కాపీలు అతికించారని గుర్తు. అనుమానాల గడిలో రాయండి.

పోరాడేవాళ్లను పిలిచే మాట మూడోది. తమిళంలో ‘పోరాళి’ (పోరాటయోధుడు) ఉంది. తెలుగులో పులులు, మిలిటెంట్లు, వేర్పాటువాదులు, తీవ్రవాదులు, ఉగ్రవాదులు ఉన్నాయి. ఇంగ్లీషులో రెబెల్స్, టైగర్స్, టెర్రరిస్ట్స్. ఒకరి ఉటంకింపులో కాకుండా తన సొంత మాటగా ‘టెర్రరిస్టు’ అని రాయకూడదని వార్తా ఏజెన్సీ రాయిటర్స్ నియమం పెట్టుకుంది. మీ తెలుగు పేపర్‌లో రాయిటర్స్ కాపీ ఉండి, దాంట్లో ‘ఉగ్రవాదులు’ కనిపిస్తే, ఆ మాట చేర్చింది అనువాదం చేసిన సబ్‌ఎడిటర్. చట్రం ఎక్కడ బిగిసిందో వేలుపెట్టి చూపించగలిగే అరుదైన సందర్భం ఇది.

ఓపిక ఉంటే ఈ ఒక్క మాటకే కాలం వెనక్కి వెళ్లండి. 1987 జూలై భారత్-శ్రీలంక ఒప్పందం తర్వాత భారత శాంతి పరిరక్షక దళం శ్రీలంక వెళ్లింది. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసులో దిగినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతం పలకడానికి వెళ్లలేదు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్య. 1992లో మన దేశంలో ఎల్టీటీఈపై నిషేధం. 1987, 1990, 1992, 2009 నుంచి తలా వారం తీసుకుని, పులులను పిలిచిన మాటలు మాత్రం లెక్కపెడితే, యుద్ధం మారకుండానే మాట ఎలా మారిందో బయటపడుతుంది.

అన్నట్టు, శత్రువు ప్రతిమ ఎప్పుడూ చెడ్డగానే ఉంటుందనుకోకండి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవు మీద గుళ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టి పోయింది. హైకోర్టు గోడ దగ్గర ఆ గుర్తుగా ఫలకం ఉంది. ఆ నౌక పేరు తమిళంలో గట్టిపిండం, జగజ్జంత్రీ అన్న అర్థంలో ‘ఎమ్డన్’గా స్థిరపడిపోయింది.

ఆరో అడుగు: ఎవరి నోట

వార్తలో ఎవరు మాట్లాడారు, ఎన్ని వాక్యాలు. సైన్యం, ప్రభుత్వం, పులులు, సహాయ సంస్థలు, మన దేశ నాయకులు, యుద్ధంలో ఉన్న మామూలు జనం. చివరి గడిలో సున్నాలు ఎక్కువ వస్తాయి, చేయి నొప్పి పుట్టినా వేయండి.

దీనికి తోక ఉంది. మాట్లాడారు అనడానికి వాడిన క్రియ. ‘స్పష్టం చేశారు’ అంటే పేపర్ ఆ మాట నిజమని సంతకం పెట్టింది. ‘వెల్లడించారు’ అన్నా దాదాపు అంతే. ‘చెప్పారు’ తటస్థం. ‘పేర్కొన్నారు’ కూడా. ‘ఆరోపించారు’ అంటే మాకు సంబంధం లేదు. ‘చెప్పుకొచ్చారు’ అంటే నవ్వుతున్నారు. ‘బుకాయించారు’ అంటే తీర్పు ఇచ్చేశారు. సైన్యం ఎప్పుడూ ‘స్పష్టం’ చేస్తూ, డాక్టరు ఎప్పుడూ ‘ఆరోపిస్తూ’ ఉంటే, ఎవరి పక్షమో అడగక్కర్లేదు. ‘మన జవాన్లు’ లాంటి చోట ‘మన’ ఎన్నిసార్లు పడిందో కూడా వేయండి. శ్రీలంక యుద్ధంలో తమిళ పేపర్‌కు ‘మన’ ఎవరు, తెలుగు పేపర్‌కు ఎవరు అన్నది ఆసక్తికరంగా ఉంటుంది.

యజమాని ఎవరన్నది ఒక గడిలో రాయండి గానీ దాన్నే జవాబుగా తీసుకోకండి. మురసొలి డీఎంకే పత్రిక, దీక్ష వార్తను అది ఎలా రాస్తుందో ఊహించడానికి పట్టిక అక్కర్లేదు. పార్టీ పత్రిక కాని వాటిలోనే కొలతకు పని.

ఏడో అడుగు: నాయకుడి బొమ్మ

ప్రతి ఫొటోకి ఇవి: ముఖమా, నడుం దాకా, నిలువెత్తా, కెమెరా కింది నుంచా, సమానంగానా, పై నుంచా, చూపు మనవైపా, పక్కకా, బట్టలు, వెనకాల ఏముంది, పక్కన ఎవరు, ఫొటో ఎవరిచ్చారు, పాతదా కొత్తదా.

రాజపక్స మెడలో ముదురు ఎరుపు శాలువా ఎప్పుడూ ఉండేది. అది కురక్కన్ రంగు, అంటే రాగుల రంగు. దక్షిణ శ్రీలంకలో రాగులు పండించే పల్లె రైతుల గుర్తుగా ఆ కుటుంబం వేసుకుంటూ వస్తోంది. మే 17న విమానాశ్రయంలో మోకరిల్లి నేలకు వంగిన ఫొటోతో ఇది కలిస్తే సేనాధిపతి కాదు, మట్టి మనిషి కనిపిస్తాడు. సింహళ ప్రచారంలో ఆయన్ను తమిళ రాజు ఎల్లాళన్‌ను ఓడించిన పాత రాజు దుట్టుగెమునుతో పోల్చారు. అదే ఫొటో చెన్నై తమిళ పేపర్‌లో ఏ రైటప్‌తో వచ్చింది, తెలుగు పేపర్‌లో ఏ రైటప్‌తో వచ్చింది? రైటప్‌ను ఫొటోతోపాటే నమోదు చేయాలన్నది ఇందుకే.

నాయకుడి దుస్తులు, చోటు యాదృచ్ఛికం కాదన్న అనుమానంతోనే చూడండి. 2003 మే 1న బుష్ పైలట్ దుస్తుల్లో విమాన వాహక నౌక మీద దిగి, ‘మిషన్ అకంప్లిష్డ్’ బ్యానర్ కింద మాట్లాడారు. యుద్ధం ఆ తర్వాత ఏళ్లపాటు సాగింది. 2022 ఫిబ్రవరి 25న జెలెన్‌స్కీ కీవ్ వీధిలో నిలబడి ఫోన్‌తో ‘ఇక్కడే ఉన్నాం’ అని వీడియో తీసుకున్నారు. పారిపోయాడన్న పుకారుకు అది జవాబు. 2025 మే 13న మోదీ ఆదంపూర్ వైమానిక స్థావరంలో ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థను వెనకపెట్టుకుని ఫొటోలు దిగారు. ఆ వ్యవస్థను కూల్చామన్న పాకిస్తాన్ మాటకు అది జవాబు. మర్నాడు పాక్ ప్రధాని షెహబాజ్ షరీఫ్ పస్రూర్ కంటోన్మెంట్‌లో సైనికుల మధ్య కనిపించారు. జవాబుగా వచ్చిన ఫొటో పక్కన, అది ఏ మాటకు జవాబో పేపర్ చెప్పిందా? చెప్పకపోతే పాఠకుడికి మిగిలేది ప్రతిమ ఒక్కటే.

కత్తిరింపు కూడా చూడాలి. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ ఫిర్దౌస్ కూడలిలో సద్దాం విగ్రహం కూల్చినప్పుడు దగ్గరి ఫ్రేముల్లో జనం కిక్కిరిసినట్టు ఉంటారు, దూరం నుంచి తీసిన వాటిలో కూడలి సగానికిపైగా ఖాళీ. ఏజెన్సీ సైట్లో అసలు ఫొటో దొరికితే పేపర్ ఎంత కోసిందో పక్కపక్కన పెట్టండి.

విజయం ఎవరి ఖాతాలో పడిందన్నది వేరే లెక్క. మనం తీసుకున్న రెండో వారంలో (మే 17 నుంచి 23) రాజపక్స ఫొటోలు ఎన్ని, ఫోన్సెకా ఫొటోలు ఎన్ని? ఎనిమిది నెలల తర్వాత, 2010 జనవరి 26 ఎన్నికలో ఈ ఇద్దరే తలపడ్డారు. రాజపక్సకు దాదాపు 58 శాతం, ఫోన్సెకాకు 40 వచ్చాయి. ఫిబ్రవరిలో ఫోన్సెకా అరెస్టయ్యారు. 2022లో జనం తిరగబడినప్పుడు మహింద ప్రధాని పదవి వదులుకున్నారు. ఆ వార్తల్లో 2009 ఫొటోలు మళ్లీ వచ్చి ఉంటే, ఈసారి రైటప్ ఏమిటో చూడండి. అదే బొమ్మ, అర్థం తిరగబడి ఉంటుంది.

ఎనిమిదో అడుగు: ఇద్దరి లెక్క కలుస్తోందా

మొత్తం అంశాల్లో 10 నుంచి 20 శాతం ఇద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా నింపాలి. అనువాదం మీద ఆధారపడాల్సిన చోట మూడో మనిషి ఉన్నదున్నట్టు అనువదించి వినిపించాలే గానీ, తన వ్యాఖ్యానం చేర్చకూడదు.

40 అంశాల్లో ‘సైన్యం వైపు మొగ్గుందా’ అన్న గడిలో 34 చోట్ల కలిశారనుకోండి. 85 శాతం, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరూ 40లో 32కి ‘ఉంది’ అని వేసి ఉంటే, కళ్లు మూసుకుని వేసినా 68 శాతం కలుస్తుంది: 0.8ని 0.8తో, 0.2ని 0.2తో గుణించి కలపండి. 0.85 నుంచి ఆ అదృష్టం 0.68 తీసేస్తే మిగిలేది 0.17, దాన్ని 0.32తో (1 నుంచి 0.68 తీసేస్తే వచ్చేది) భాగిస్తే 0.53. దీన్ని కప్పా అంటారు. 0.8 దాటితే ధైర్యంగా వాడొచ్చు, 0.67 కంటే తగ్గితే ఆ గడికి నిర్వచనం సరిగా లేదు. గొడవపడి ఒకరిని ఒప్పించి అంకె పెంచుకోవడం చాలామంది చేసే తప్పు. నిర్వచనం తిరగరాసి, కొత్త 20 అంశాల మీద మళ్లీ మొదటి నుంచి వేయాలి.

టీవీ అయితే

టీవీకి పట్టిక వేరు. రాత్రి 9 గంటల బులెటిన్‌లో 30 నిమిషాలు రికార్డు చేసి, నిమిషానికో వరుస వేయండి: యాంకర్ మాట, తెరమీది అక్షరాలు, కింద స్క్రోలింగ్, వెనక దృశ్యం, శబ్దం. మొదట కొలవాల్సింది, అరగంటలో కొత్త దృశ్యం ఎన్ని సెకన్లన్నది. మిగతాది అదే ముక్క తిప్పి తిప్పి వేసింది. 2025 మే 8 రాత్రి కొన్ని ఛానళ్లు కరాచీ రేవు ధ్వంసమైందన్నాయి, అది నిజం కాదు. మే 10న సైరన్ శబ్దాలు వాడొద్దని పౌర రక్షణ విభాగం ఛానళ్లకు చెప్పాల్సి వచ్చింది. అనుమానమున్న దృశ్యం నుంచి నాలుగైదు స్థిర చిత్రాలు తీసి రివర్స్ ఇమేజ్ వెతుకులాట చేయండి. ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలు చాలా యుద్ధాల్లో అసలువిగా చలామణీ అయ్యాయి. పేలుడు పొగ మరీ శుభ్రంగా ఉండి, కెమెరా వణుకు లేకపోతే ముందు ఆ దారి వెతకండి.

ప్రత్యక్ష ప్రసారం లేదని ఛానల్‌ను తప్పుపట్టే ముందు ఒక మాట. ఉగ్రవాద వ్యతిరేక చర్యలను లైవ్ వేయకూడదని, అధికారి ఇచ్చే సమాచారానికే పరిమితం కావాలని 2015లో కేబుల్ టీవీ నియమాల్లో చేర్చారు. లోటు సంపాదకుడిదా, నియమానిదా అన్నది విడదీసి రాయాలి.

రాసేటప్పుడు

‘పక్షపాతం’ అన్న మాట వాడకుండా మొదటి చిత్తుప్రతి రాయండి. ‘సైన్యం మాటకు 31 సార్లు స్పష్టం చేశారు, వైద్యుల మాటకు 2 సార్లు’ లాంటి వాక్యాలే ఉండాలి. పక్కనే ఏ సంచిక, ఏ పేజీ. మూడు తప్పులు తరచూ దొర్లుతాయి. ఏజెన్సీ కాపీలో ఉన్న చట్రాన్ని పేపర్ ఖాతాలో వేయడం ఒకటి. దీనికి బైలైన్ గడి ఉంది. శీర్షిక పెట్టేది డెస్కు, రాసేది విలేకరి. ఇద్దర్నీ ఒకరిగా చూడటం రెండోది. ‘ఈ వార్తలవల్ల జనం ఇలా అనుకున్నారు’ అనడం మూడోది, అన్నిటికన్నా ప్రమాదం. మీరు కొలిచింది కాగితాన్ని, చదివినవాళ్ల మనసును కాదు.

లేనిదాన్ని చెప్పడానికి ఒక ఆధారం ఉండాలి. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల బృందం 2011లో ఇచ్చిన నివేదిక, చివరి నెలల్లో 40,000 దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చన్న అంచనాను కొట్టిపారేయలేమంది. ఆసుపత్రుల మీద గుళ్లు పడటం గురించీ అందులో ఉంది. దాన్ని దగ్గర పెట్టుకుని ఆ తేదీల సంచికలు తిప్పండి. అయితే 2011లో తెలిసినది 2009 డెస్కుకు తెలియదు. ఆ రోజున రెడ్‌క్రాస్, ఐక్యరాజ్యసమితి ప్రకటనల్లో ఉండి కూడా పేపర్‌లో రాని వాటినే ‘వదిలేశారు’ అని రాయొచ్చు. మిగతావి ‘అప్పటికి అందలేదు’ అన్న వేరే గడిలోకి పోతాయి.

ఫొటోలు, పట్టిక రెండు చోట్ల దాచి, ఫైలు పేర్లు తేదీతో మొదలుపెట్టండి: 2009-05-19, పేపర్, పేజీ. తర్వాత మీ లెక్కను ఎవరైనా నిలదీస్తే వాళ్ల చేతిలో పెట్టాల్సింది ఆ పేజీ ఫొటో.